మరిది పెళ్లికి మా చిన్నోణ్ణి తీసుకుపోవాలా, ఇంట్లో ఉంచాలా?

హనుమకొండ అమ్మ · ఫిబ్రవరి 2, రాత్రి 10:52

అందరికీ నమస్తే. ఆటిజం గురించి మాట్లాడుకునే ఈ వేదికలో రెండేళ్లుగా చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా చిన్నోడికి ఆరేళ్లు. మూడున్నరేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. "నీళ్లు", "పోదాం", "వద్దు" స్పష్టంగా అంటాడు. మిగతావన్నీ మనం అన్న మాటలే తిరిగి అంటాడు. ఈ నెల 21న మా మరిది పెళ్లి. హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాలు. ముందురోజు ఇంట్లో మైలపోలు, పెళ్లి రాత్రి బరాత్, డీజే, అన్నీ ఉన్నాయి.

పోయిన ఏడాది మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్‌లో బ్యాండు మొదలవగానే వాడు చెవులు మూసుకుని కింద పడిపోయాడు. తల నేలకేసి కొట్టుకున్నాడు. అందరూ చుట్టూ చేరారు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీశాడు. ఒకామె "దిష్టి తగిలింది, ఉప్పు తిప్పి పడెయ్" అన్నది. ఇంకొకామె "తల్లి గారాబం" అన్నది. వాణ్ణి ఎత్తుకుని పార్కింగ్‌లోకి పోయి, కారు అద్దాలు ఎత్తేసి, వాడు నిద్రపోయేదాకా అక్కడే కూర్చున్నాను. లోపల భోజనాలు అయిపోయాయి.

ఇప్పుడు మా అత్తమ్మ "పిలగాణ్ణి రెండు రోజులు మీ అమ్మగారింట్లో ఉంచు బిడ్డా, నీకూ నెమ్మది ఉంటది" అంటున్నది. ఆమె చెడ్డగా అనలేదు. వాణ్ణి సగం పెంచింది ఆమే. మరిదేమో "వాడు లేకుండా నేను పీటల మీద కూర్చోను వదినా" అంటున్నాడు. మా ఆయన ఏమీ అనడం లేదు. నాకు ఏది సరైందో తెలియడం లేదు.

మంచిర్యాల వదిన · ఫిబ్రవరి 2, రాత్రి 11:20

చెల్లె, ముందు పడుకో. ఇది పొద్దున చదువు.

మాది సింగరేణి ఇల్లు. మా ఆయనకు వారం వారం షిఫ్టు మారుతుంది. మా పాపకు తొమ్మిదేళ్లు. ఫస్టు షిఫ్టుకు అలవాటు పడేసరికి సెకండు షిఫ్టు వస్తుంది, ఆ తర్వాత నైటు. నాన్న ఇంట్లో ఉండాల్సిన టైంకు లేకపోతే తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి అరిచేది. కాలనీలో అందరూ కొడుతున్నామనుకునేవాళ్లు.

మేం గోడకు ఒక అట్ట కొట్టి ఏడు గడులు గీశాం. నాన్న హెల్మెట్ బొమ్మ, సూర్యుడు, చందమామ. ప్రతి ఆదివారం రాత్రి మా ఆయనే పాప చేత వచ్చే వారం బొమ్మలు అతికిస్తాడు. కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు షిఫ్టు మారిన రోజు ఆమే అట్ట దగ్గరికి పోయి హెల్మెట్ మీద వేలు పెట్టి, తర్వాత తన పనికి పోతుంది.

నీకు ఇంకా పంతొమ్మిది రోజులు ఉన్నాయి. ఈ రాత్రే తేల్చాల్సింది ఏమీ లేదు. తీసుకుపోవడం, ఇంట్లో ఉంచడం అని రెండే దారులు అనుకోకు. రెండు గంటలు ఉండి రావచ్చు. తాళి కట్టేటప్పుడు మాత్రమే ఉండవచ్చు. ముందురోజు మైలపోలుకు ఉండి, హాలుకు రాకపోవచ్చు.

పిల్లల మాట (స్పీచ్ థెరపిస్టు, కరీంనగర్) · ఫిబ్రవరి 3, ఉదయం 7:05

వదిన గారు చెప్పినదానికి నా పని అనుభవం నుంచి కొంత కలుపుతాను.

అమ్మా, ఆ రోజు మీ బాబు చేసింది మొండితనం కాదని మీ ఇంట్లో అందరికీ ముందు తెలియాలి. మొండికేసిన పిల్లవాడు ఏడుస్తూనే ఓరకంట మనల్ని చూస్తాడు, అడిగింది చేతికిస్తే ఆగుతాడు. మీవాడు ఎవరినీ చూడలేదు, ఏమిచ్చినా ఆగేవాడు కాదు. చప్పుడు, లైట్లు, మనుషుల తాకిడి అన్నీ ఒకేసారి మీద పడి వాడి శరీరం తట్టుకోలేకపోయింది. అలాంటప్పుడు బుజ్జగించినా బెదిరించినా చెవికి ఎక్కదు. మాటలు తగ్గించండి. మనుషుల్ని దూరం పంపండి. తల కింద మెత్తటిది ఏదైనా పెట్టండి. పక్కన కూర్చోండి. అది తగ్గాక పిల్లలు బాగా అలసిపోతారు, అందుకే మీవాడు కారులో నిద్రపోయాడు.

దీనికంటే ముఖ్యం, అది రావడానికి ముందు వాడు ఏం చేస్తాడో గుర్తుపట్టడం. కొందరు పిల్లలు వేళ్లు ఆడించడం ఎక్కువ చేస్తారు. కొందరు ఒకే రాగం తీస్తారు. కొందరికి చెవులు ఎర్రబడతాయి. మీవాడి గుర్తు ఏమిటో మీ అత్తమ్మకు తప్పకుండా తెలిసి ఉంటుంది, అడగండి.

ఇంకొకటి. మనం అన్న మాటలే తిరిగి అంటాడని కొట్టిపారేయకండి. మనం "నీళ్లు తాగుతావా?" అని అడిగి నీళ్లిస్తాం కదా. వాడి లెక్కలో ఆ వాక్యం మొత్తం నీళ్లకు పేరు. వాడు మీ దగ్గరికి వచ్చి "నీళ్లు తాగుతావా?" అంటే అడుగుతున్నట్టే.

ఇప్పటి నుంచి ఒక చిన్న ఆల్బం తయారు చేయండి. ఖాళీ హాలు ఫొటో, మరిది ఫొటో, బ్యాండు ఫొటో, కారు ఫొటో, మీ ఇంటి ఫొటో. వరస తప్పకుండా రోజూ రాత్రి చూపించండి. చివర తలుపు బొమ్మతో ఒక కార్డు విడిగా పెట్టండి. వాడు ఆ కార్డు ఇచ్చిన మరుక్షణం బయటికి తీసుకుపోవాలి. ఇంట్లో పది సార్లు ఆడి చూపించండి. కార్డు ఇచ్చినా ఎవరూ కదలకపోతే ఆ కార్డు మీద వాడికి నమ్మకం పోతుంది.

జమ్మికుంట రైతు · ఫిబ్రవరి 3, ఉదయం 9:40

అక్కా, మా బిడ్డకు ఎనిమిదేళ్లు. కోత మిషన్ల దగ్గర, రాయి కొట్టే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు చెవులకు పెట్టుకునేవి ఉంటాయి, పెద్ద డొప్పల్లాంటివి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. పాటల హెడ్‌ఫోన్ కాదు, చప్పుడు ఆపేవి అని అడగాలి. పెళ్లి రోజే కొత్తగా పెట్టకండి. మా బిడ్డ మొదటి వారం విసిరికొట్టింది. రోజూ అన్నం తినేటప్పుడు రెండు నిమిషాలు పెట్టి తీసేవాళ్లం. ఇప్పుడు మిక్సీ చప్పుడు వినబడగానే తనే పోయి తెచ్చుకుంటుంది.

జాతర సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ మేడారం సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది, మనవరాలికి మాటలు వస్తే నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానని. పోయిన జాతరకు "మాటలు కొన్ని వచ్చాయి కదా" అని బయలుదేరదీసింది. తక్కెడలో కూర్చోబెట్టగానే కాళ్లు నేలకు ఆనక బిడ్డ భయంతో కేకలు పెట్టింది. మా అమ్మ ఒక్క క్షణం ఆలోచించి తనే తక్కెడలో కూర్చుంది. తన ఎత్తు బెల్లం ఇచ్చింది. "తల్లులకు తెల్వదా, ఎవరి కోసమో" అన్నది. పెద్దవాళ్లు ఒప్పుకోరని మనం ముందే అనుకుంటాం. అడిగి చూడాలి.

బయలుదేరే ముందే బిడ్డ ముంజేతి మీద బాల్‌పెన్నుతో నా ఫోన్ నంబరు రాశాను. అంత జనంలో చెయ్యి విడిపించుకుంటే పేరు కూడా చెప్పలేదు. పెళ్లి హాలులో కూడా ఆ పని చేయండి. గేటు దాటితే హంటర్ రోడ్డు, బండ్లు ఆగవు.

పరకాల తాతయ్య · ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2:15

అందరి మాటలూ చదివాను. తప్పుగా అనుకోవద్దు, పెద్దవాణ్ణి కనుక అడుగుతున్నాను. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. మా కాలంలో ఈ ఆటిజం అన్న మాటే వినలేదు. ఇప్పుడు పుట్టిన పిల్లల చేతిలో ఫోన్ పెడుతున్నారు, లెక్కలేనన్ని టీకాలు వేయిస్తున్నారు, తల్లులు ఉద్యోగాలకు పోతున్నారు. కారణం వీటిలోనే ఉందని నా అనుమానం. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు మా వంశంలో కూడా ఉన్నారు. అందరూ బాగానే అయ్యారు.

పిల్లల మాట (స్పీచ్ థెరపిస్టు, కరీంనగర్) · ఫిబ్రవరి 3, సాయంత్రం 6:30

తాతయ్యా, మీరు అడిగింది మంచిదే. ఈ అనుమానాలు చాలా ఇళ్లలో తల్లుల మీద బరువుగా పడుతున్నాయి, అందుకే వివరంగా రాస్తాను.

ఆటిజాన్ని 1943లోనే లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల్ని గమనించి వివరంగా రాశాడు. సెల్‌ఫోన్లు అప్పుడు ఎక్కడివి? ఆ తర్వాత కొన్నేళ్లు తల్లి ప్రేమ తక్కువై ఇలా అవుతుందని పెద్ద పెద్ద వాళ్లే అన్నారు. ఎంతమంది తల్లులు ఆ మాటకు కుమిలిపోయారో. తర్వాత ఆ వాదాన్ని వైద్యులే తప్పని తీసేశారు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకతోనే ఉండే తేడా ఇది. వంశపారంపర్యం పాత్ర చాలా ఉంది.

టీకాల మాట 1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు రాసిన వ్యాసంతో వచ్చింది. అందులో తప్పుడు లెక్కలున్నాయని తేలి, 2010లో దాన్ని అచ్చేసిన వైద్య పత్రికే రద్దు చేసింది, ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. ఆ తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన పరిశీలనల్లో సంబంధం కనబడలేదు. దయచేసి ఎవరూ టీకాలు మానేయకండి.

ఫోన్ గురించి మీరన్నది సగం నిజం. ఫోన్ వల్ల ఆటిజం రాదు. కానీ పిల్లవాడు మనుషులతో గడపాల్సిన గంటల్ని ఫోన్ తినేస్తుంది. మాట రావాల్సిన వయసులో అది నష్టమే.

మీ బడిలో ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు తాతయ్యా. మొద్దు అనో, వెర్రిబాగుల అనో పేరు పెట్టి రెండో తరగతిలోనే బడి మాన్పించి ఉంటారు.

నిశ్శబ్దం ఇష్టం · ఫిబ్రవరి 3, రాత్రి 9:58

నేను వరంగల్‌లో ఉంటాను. 27 ఏళ్లు. డీటీపీ పని చేస్తాను. నాకు ఆటిజం ఉందని 22 ఏళ్ల వయసులో తెలిసింది. బయట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

హనుమకొండ అక్కా, మీ బాబు చెప్పలేనిది నేను చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను వాణ్ణి కాదు, వాడికి వేరుగా ఉండవచ్చు. ఫంక్షన్ హాలులో నాకు డీజే ఒక్కటే వినబడదు. ట్యూబ్‌లైటు గుయ్‌మనడం, గరిటె బకెట్‌కు తగలడం, వెనక కుర్చీ ఈడ్చడం, పట్టు చీరల గరగర, ఫ్యాను, నాలుగు వైపుల మాటలు, అన్నీ ఒకే గట్టితనంతో వస్తాయి. ఏది ముఖ్యమో వేరు చేయడానికే నా శక్తి అంతా పోతుంది. అప్పుడు ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసి "గుర్తుపట్టావా నన్ను?" అంటారు. వాళ్ల ముఖం చూస్తే వాళ్ల మాట వినబడదు. మాట వింటే ముఖం చూడలేను. చిన్నప్పుడు దీనికి నాకు పొగరు అని పేరు వచ్చింది.

బాబు చేతులు ఆడిస్తే ఆపకండి. నేను జేబులో ఒక తాళంచెవి పెట్టుకుని బొటనవేలితో రుద్దుతూ ఉంటాను. అది ఉంటే గంట ఎక్కువ కూర్చోగలను. చిన్నప్పుడు నేను చేతులు ఆడించినప్పుడల్లా మా నాన్న స్కేలుతో కొట్టేవాడు. నా మంచికే అనుకున్నాడు. ఇప్పుడు మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఆయన నా గదిలోకి వచ్చే ముందు తలుపు మీద రెండుసార్లు తడతాడు. ఆ రెండు దెబ్బలు నాకు ఎంత విలువైనవో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మీ మరిదిని అడగండి, హాలులో ఒక గది తాళం మీ దగ్గర ఉంచమని. పెళ్లికూతురి గది వద్దు, అందరూ వస్తూ పోతూ ఉంటారు. స్టోర్ రూమ్ అయినా పర్వాలేదు.

హంటర్ రోడ్ ఫొటోలు · ఫిబ్రవరి 4, ఉదయం 8:10

నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. మా అక్క కొడుకుకు ఆటిజం, అందుకే ఈ వేదికలో ఉన్నాను. మేడం, మీ కెమెరా వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి, బాబు ఉన్నప్పుడు ఫ్లాష్ వద్దు, లైటు ముఖం మీద వేయవద్దు, డ్రోన్ హాలు లోపల ఎగరేయవద్దు అని. చెప్తే ఎవరైనా వింటారు, మాకు తెలియక చేస్తాం. ఫ్యామిలీ ఫొటో ఆఖరుకు పెట్టకండి. పొద్దునే జనం రాకముందు, పెళ్లికొడుకు తయారైన వెంటనే తీయించండి. "ఇటు చూడు బాబూ" అని పది మంది అరవకూడదు. వాడు ఎటు చూస్తే అటే తీయమనండి.

సిరిసిల్ల అక్క · ఫిబ్రవరి 4, రాత్రి 10:30

నేను తల్లిని కాదు, అక్కని. మా తమ్ముడికి 16 ఏళ్లు. మా ఇంట్లో పవర్‌లూమ్ ఉండేది. బయటివాళ్లు రెండు నిమిషాలు నిలబడలేని ఆ టకటక చప్పుడులో మా తమ్ముడు గోడకు వీపు ఆనించి హాయిగా కూర్చునేవాడు. అదే పిలగాడు కుక్కర్ విజిల్ వేస్తే ఇల్లు విడిచి పారిపోయేవాడు. చప్పుడు ఎంత పెద్దదని కాదు, ఎప్పుడొస్తుందో తెలియడమే వాడికి కావాలి. లూమ్ మోత ఎప్పుడూ ఒకటే తీరు. విజిల్ చెప్పకుండా వస్తుంది. కుక్కర్ మానేసి గిన్నెలో వండటం మొదలుపెట్టాక మా ఇంట్లో సగం గొడవలు తగ్గాయి.

అక్కా, మీకు పెద్ద పిల్లలెవరైనా ఉన్నారా? నాకు పదేళ్లప్పుడు చుట్టాలు వచ్చినప్పుడల్లా "తమ్ముణ్ణి చూసుకోవాల్సింది నువ్వే బిడ్డా" అనేవాళ్లు. ప్రేమగానే అనేవాళ్లు. నేను రాత్రి దుప్పటి కప్పుకుని లెక్క వేసుకునేదాన్ని, నాకు పెళ్లయితే వీడు ఎక్కడుంటాడు, నేను ముందు చనిపోతే ఎవరు అన్నం పెడతారు అని. వాడంటే నాకు ప్రాణం. అయినా ఆ వయసులో ఆ మాట చాలా బరువు. పెద్ద పిల్లలుంటే పెళ్లిలో వాళ్లను కాపలాకు పెట్టకండి. వాళ్ల స్నేహితులతో ఆడుకోనివ్వండి.

హనుమకొండ అమ్మ · ఫిబ్రవరి 5, రాత్రి 11:15

సిరిసిల్ల చెల్లె, మా పెద్దదానికి పదకొండేళ్లు. నీ పోస్టు చదివాక దాని పక్కన పోయి పడుకున్నాను. "ఏమైందమ్మా?" అన్నది. ఏమీ లేదన్నాను. పెళ్లిలో తమ్ముణ్ణి నేను, నాన్న చూసుకుంటాం, నువ్వు బావలతో ఉండు అని చెప్పాను. "నిజంగా?" అని రెండుసార్లు అడిగింది.

మా అత్తమ్మను గుర్తు గురించి అడిగాను. ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పింది, "కుడిచెవి తమ్మె పట్టుకుని లాగుతడు". ఆరేళ్లలో నేను అది గమనించలేదు.

బడి గురించి కూడా ఒక మాట. వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. రెండు ప్రైవేటు స్కూళ్లలో అడిగాం. ఒకచోట "మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు" అన్నారు. ఇంకోచోట ఫీజు కట్టించుకుని నాలుగో రోజు తీసుకుపొమ్మన్నారు.

భవిత టీచరమ్మ (నర్సంపేట దగ్గర) · ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 1:20

నేను మండలంలోని భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపే కేంద్రంలో, రిసోర్స్ టీచర్‌ని. మీరు రాసింది చదివి బాధేసింది, ఎందుకంటే అలా పంపించేయడానికి చట్టం ఒప్పుకోదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో ఆటిజం ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే బడి గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి గానీ వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ప్రైవేటు స్కూలైనా గుర్తింపు ఉంటే ఇది వర్తిస్తుంది. చేర్చుకోము అన్న మాట కాగితం మీద రాసివ్వమనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా ఇవ్వవచ్చు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఉంది.

అయితే అమ్మా, హక్కుతో సీటు వస్తుంది, మనసుతో నేర్పే టీచరు వెతికితేనే దొరుకుతుంది. మీ ఇంటి దగ్గర ప్రభుత్వ ప్రాథమిక బడి ఒకసారి చూడండి. పిల్లలు తక్కువగా ఉన్న చోట, హెడ్ మాస్టరు మంచివారైతే, మీవాడికి అదే నెమ్మది. వారంలో కొన్ని రోజులు భవిత కేంద్రానికి తీసుకుపోవచ్చు. మా దగ్గర ఫిజియోథెరపీ క్యాంపు కూడా పెడతాం. రాలేని పిల్లల ఇంటికి మేమే పోతాం. బోధన సామగ్రి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ తయారు చేసింది కొంత ఉంటుంది, అది 1984 నుంచి ఉన్న సంస్థ. దాని ఓపీలో చూపించుకున్నవాళ్లు మా మండలం నుంచే ఉన్నారు.

మా కేంద్రంలో ఒక బాబు మూడేళ్లలో నేర్చుకుంది బటన్ పెట్టుకోవడం, తన ప్లేటు కడుక్కోవడం, "అయిపోయింది" అని చెప్పడం. వాళ్ల నాయనమ్మ ప్లేటు కడిగిన రోజు నాకు సకినాలు తెచ్చిచ్చింది.

కొత్తగా వచ్చాను · ఫిబ్రవరి 7, రాత్రి 8:45

నమస్తే. మా బాబుకు నాలుగేళ్లు. హైదరాబాద్‌లో ఒకచోట స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఇస్తే మాటలు వస్తాయంటున్నారు. మూడు లక్షలు అవుతుంది. పొలం కుదువ పెట్టాలనుకుంటున్నాం. ఎవరైనా చేయించారా?

కాజీపేట నాన్న · ఫిబ్రవరి 7, రాత్రి 9:20

తమ్ముడూ, ఆగు. పొలం కాగితాలు ముట్టుకోకు. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది, ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయడం లేదు, దాన్ని ప్రచారం చేసి ఇవ్వడం వృత్తి ధర్మానికి విరుద్ధం అని. గ్యారంటీ అన్న మాట ఎవరి నోట వచ్చినా లేచి వచ్చేయ్. మేం 15 ఏళ్ల క్రితం ఒక సెంటరులో "ఆరు నెలల్లో మాటలు" అంటే నమ్మి అరవై వేలు ముందే కట్టాం. నా భార్య గాజులు పోయాయి. పిల్లవాణ్ణి గదిలో పెట్టి తలుపు వేసుకునేవాళ్లు, మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. మంచి థెరపిస్టు అయితే తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంటుంది, ఇంట్లో ఏం చేయాలో నేర్పిస్తుంది. వారంలో రెండు గంటలు ఆమె, మిగతా గంటలన్నీ మనమే.

మావాడికి ఇప్పుడు 20. రైల్వే క్వార్టర్సులో అందరికీ తెలుసు. రోజూ సాయంత్రం స్టేషన్ బయట నిలబడి రైళ్ల పేర్లు చెప్తాడు. ఏ బండి ఎంత లేటో వాణ్ణి అడిగి పోయేవాళ్లున్నారు.

కాగితాల గురించి అందరూ అడుగుతుంటారు, ఒకచోట రాస్తాను. ముందు సర్టిఫికెట్. వైకల్యం తేల్చే ప్రభుత్వ పరీక్షకు స్లాట్ ఎలా బుక్ చేసుకోవాలో మీసేవలో అడగండి. ఆటిజానికి ఐఎస్ఏఏ అని మన దేశంలో తయారైన పరీక్ష ఉంటుంది, 40 ప్రశ్నలు, 70 లోపు మార్కులొస్తే ఆటిజం లేనట్టు లెక్క. ఆ రోజు మీవాడు నెమ్మదిగా ఉంటే డాక్టరుకు కష్టాలు కనబడవు. అందుకే ఇంట్లో వాడు రోజూ ఎలా ఉంటాడో వారం ముందు నుంచి రాసుకుని పొండి, రెండు మూడు వీడియోలు ఉంచుకోండి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, గడువు చూసుకుంటూ ఉండాలి. దాంతో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, పింఛను. 2023లో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు చేశారు.

ఇంకొకటి నిరామయ. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందుగా వైద్య పరీక్షలు అడగరు. థెరపీ బిల్లులకు కూడా కొంత వస్తుంది. ప్రతి ఏడాది రెన్యువల్ మర్చిపోవద్దు.

పద్దెనిమిది నిండాక ఇంకో సంగతి. చట్టం ముందు వాడు పెద్దవాడు, బ్యాంకులో, ఆస్తి పనుల్లో మన సంతకం చెల్లదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ తీసుకోవాలి. జిల్లా కలెక్టర్ అధ్యక్షులుగా ఉండే కమిటీ ఇస్తుంది. మాకు ఇచ్చే ముందు ఇంటికి వచ్చి చూసి పోయారు. మేం పోయాక ఎవరు అనే ప్రశ్నకు ఈ కాగితం పూర్తి జవాబు కాదు. నా చెల్లెలి కొడుకు వారానికొకసారి వచ్చి మావాడితో రాత్రి పడుకుంటాడు, మూడేళ్లుగా. అలవాటు చేస్తున్నాం. అంతవరకే చేయగలిగాం.

కొత్తగా వచ్చాను · ఫిబ్రవరి 7, రాత్రి 10:02

అన్నా, రేపు అడ్వాన్సు కట్టేది ఉండె. కట్టను. మీ గాజుల మాట మా ఆవిడకు చదివి వినిపించాను.

పరకాల తాతయ్య · ఫిబ్రవరి 8, ఉదయం 5:50

నాలుగు రోజుల నుంచి ఇక్కడి పోస్టులు మళ్లీ మళ్లీ చదువుతున్నాను. నా మాటలకు హనుమకొండ తల్లి మనసు నొచ్చుకుని ఉంటే క్షమించాలి.

అసలు సంగతి రాస్తాను. నా మనవడికి రెండేళ్ల నాలుగు నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. చందమామను చూపిస్తే నా వేలు చూస్తాడు, ఆకాశం చూడడు. సైకిల్ తిరగేసి చక్రం తిప్పుతూ పూటంతా కూర్చుంటాడు. నా కోడలు ఆర్నెల్ల నుంచి డాక్టరుకు చూపిద్దామంటే నేనే వద్దన్నాను, మన ఇంట్లో మాటలు ఆలస్యమే అని. కొడుకు నా మాట దాటడు. ఇప్పుడు ఎక్కడికి పోవాలి? ఆలస్యం చేశానా?

పిల్లల మాట (స్పీచ్ థెరపిస్టు, కరీంనగర్) · ఫిబ్రవరి 8, ఉదయం 6:40

తాతయ్యా, ఆలస్యం కాలేదు. రెండున్నరేళ్ల లోపు మీరు గమనించారు, మా దగ్గరికి ఐదేళ్లకు, ఆరేళ్లకు వచ్చేవాళ్లే ఎక్కువ. వేలు చూపిస్తే చూడకపోవడం, పిలుపుకు తిరగకపోవడం మేం ముందుగా అడిగే ప్రశ్నలే. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే చిన్న ప్రశ్నల పరీక్ష ఉంది, మీ మనవడి వయసు అందులోనే పడుతుంది. అది రోగం తేల్చదు, ఇంకా చూడాలా వద్దా అని చెప్తుంది.

దానికంటే ముందు చెవి పరీక్ష. బెరా అంటారు. వినికిడి లోపం ఉన్నా పిల్లలు ఇలాగే పిలుపుకు తిరగరు. రెంటినీ వేరు చేయాలి. అంగన్‌వాడీ టీచర్‌కు చెప్తే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందం చూసి పైకి రాసిస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం) ఖర్చు లేకుండా చూస్తారు.

రిపోర్టు వచ్చేదాకా ఆగవద్దు. రోజూ అరగంట మీరే నేల మీద వాడికి ఎదురుగా కూర్చోండి. వాడు చక్రం తిప్పితే మీరూ తిప్పండి. చేత్తో ఆపి, వాడు మీ వైపు చూసినప్పుడు "తిప్పు" అని తిప్పండి. మీరు నలభై ఏళ్లు పాఠం చెప్పారు. ఇది కూడా పాఠమే.

హనుమకొండ అమ్మ · ఫిబ్రవరి 8, ఉదయం 7:30

తాతయ్యా, నాకేం నొప్పి లేదు. మా నాన్న కూడా అచ్చం మీలాగే అన్నారు. మీ కోడలికి ఈ రోజు మీరే చెప్పండి, "పద, చూపిద్దాం" అని. ఆమెకు ఎంత బరువు దిగుతుందో నాకు తెలుసు.

హనుమకొండ అమ్మ · ఫిబ్రవరి 14, రాత్రి 9:05

ఆల్బం రోజూ చూస్తున్నాం. చెవి డొప్పలు నాలుగు నిమిషాలు ఉంచుకుంటున్నాడు. మొన్న మరిది మమ్మల్ని ఖాళీ హాలుకు తీసుకుపోయాడు, చిన్నోడు అరగంట అటూ ఇటూ పరుగెత్తాడు. ఇంకో సమస్య, జుట్టు. మంగలి షాపులో ట్రిమ్మర్ చప్పుడుకు గగ్గోలు పెడతాడు. జుట్టు కళ్ల మీద పడుతోంది.

జమ్మికుంట రైతు · ఫిబ్రవరి 14, రాత్రి 9:50

షాపు తెరిచే టైంకు, ఎవరూ లేనప్పుడు పొండి అక్కా. మొదటి రోజు మీ ఆయన కటింగ్ చేయించుకుంటుంటే వాడు చూసి వచ్చేయాలి. రెండో రోజు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టండి. కత్తెర మాత్రమే, ట్రిమ్మర్ వద్దు. మెడకు గుడ్డ కట్టవద్దు, పాత బనీను వేయండి. సగమే అయితే సగమే. మా బిడ్డ జుట్టు నిద్రలో కత్తిరించేవాళ్లం మొదట్లో, కానీ లేచాక అద్దంలో చూసి భయపడింది. అందుకే అది మానేశాం.

హనుమకొండ అమ్మ · ఫిబ్రవరి 23, రాత్రి 10:20

పెళ్లి అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

మైలపోలు బాగా జరిగింది. పసుపు వాసన వాడికి నచ్చింది, రెండు చేతులూ ముంచాడు. పెళ్లి రోజు పొద్దున ఏడున్నరకే ఫ్యామిలీ ఫొటో తీయించాం. అందరం కెమెరా వైపు, వాడు మాత్రం మరిది తలపాగా కుచ్చు వైపు చూస్తున్నాడు. సగం కత్తిరించిన జుట్టు. ఆ ఫొటోనే ఫ్రేమ్ కట్టించమని మరిది చెప్పాడు.

జీలకర్ర బెల్లం టైంకు బ్యాండు గట్టిగా వాయించారు. వద్దని చెప్పాం, పెళ్లికూతురి వైపు వాళ్లకు అందరికీ తెలియదు. డొప్పలు ఉన్నాయి. అయినా చెవి తమ్మె పట్టుకున్నాడు. నేను చూడలేదు, అక్షింతలు పంచుతున్నాను. మా అత్తమ్మ చూసింది. కొడుకు పెళ్లి పీటల పక్క నుంచి లేచి, వాడి చెయ్యి పట్టుకుని స్టోర్ రూమ్‌కు పోయింది. తాళి కట్టడం ఆమె చూడలేదు. నేను పోయేసరికి బియ్యం బస్తాల మధ్య కింద కూర్చుని ఉంది, వాడు ఆమె ఒళ్లో తల పెట్టి ఆమె గాజులు ఒక్కొక్కటి జరుపుతున్నాడు. "నువ్వు పో బిడ్డా, నేను వీడియోలో చూస్త" అన్నది.

భోజనాల దగ్గర ఒకసారి తల కొట్టుకున్నాడు. ఎవరో దూరపు చుట్టం బుగ్గ గిల్లి, డొప్పలు తీసేసి "ఇవేంటిరా" అన్నాడు. మా ఆయన గట్టిగా అరిచాడు ఆయన మీద. ఇన్నేళ్లలో మొదటిసారి. తర్వాత వాణ్ణి ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయాడు. బరాత్‌కు తండ్రీకొడుకులిద్దరూ లేరు. పెద్దది మాత్రం బావలతో కాళ్లు నొప్పి పుట్టేదాకా ఎగిరింది.

ఇంటికి పోయేటప్పుడు కారులో వాడు తలుపు బొమ్మ కార్డు మా ఆయన చేతిలో పెట్టాడట. కారు కదిలాక.

నిశ్శబ్దం ఇష్టం · ఫిబ్రవరి 23, రాత్రి 11:01

కార్డు ఇచ్చాడు. అది చాలా పెద్ద విషయం అక్కా. మీ అత్తమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ పోస్టు మా నాన్నకు చదవమని ఇచ్చాను.

పరకాల తాతయ్య · ఫిబ్రవరి 24, ఉదయం 6:15

సంతోషం తల్లీ. గురువారం మా మనవడికి బెరా పరీక్ష ఉంది. నేనూ పోతున్నాను. పరీక్ష అప్పుడు పిలగాడు నిద్రలో ఉండాలని చెప్పారు. వాడు మధ్యాహ్నం అసలు పడుకోడు. ఏం చేయాలి?

భవిత టీచరమ్మ (నర్సంపేట దగ్గర) · ఫిబ్రవరి 24, ఉదయం 6:40

ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామున నాలుగింటికే లేపండి తాతయ్యా. బస్సులో నిద్రపోనివ్వకండి, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఏదో ఒకటి చూపిస్తూ ఉండండి. అక్కడికి పోయాక పాలు పట్టి, వాడి దుప్పటే కప్పండి. ఇంటి దుప్పటి మర్చిపోవద్దు.

పరకాల తాతయ్య · ఫిబ్రవరి 24, ఉదయం 6:52

దుప్పటి సంచిలో పెట్టాను.